నాలుగో ఏడాది సైకాలజీ రీసెర్చ్ ఆనర్స్: చేరాలా, తిన్నగా ఎం.ఏ.కి పోవాలా?

ప్రశ్న: విజయవాడలో సైకాలజీ మేజర్‌తో డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నాను. ఐదు సెమిస్టర్లకు కలిపి 78 శాతం వచ్చింది. నాలుగో ఏడాది ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’లో చేరమని మా మేడమ్ అంటున్నారు. మూడేళ్లకే డిగ్రీ చేతికొస్తుంటే ఇంకో ఏడాది దేనికని నాన్న అడుగుతున్నారు. నాకు కౌన్సెలర్ అవ్వాలనుంది. చేరితే ఇంటర్ పిల్లల ఒత్తిడి మీద ప్రాజెక్టు చెయ్యాలనుకుంటున్నాను. చేరమంటారా? డేటా లెక్కలు చేసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలా?

సమాధానం:

గుంటూరులో ఇరవై రెండేళ్లు సైకాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యానమ్మా. ఎం.ఏ. పిల్లల ప్రాజెక్టులు చాలా చూశాను. ఈ నాలుగో ఏడాది వచ్చాక డిగ్రీ పిల్లలవీ కొన్ని చూశాను. నా శిష్యుల వయసే కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

ముందు మీ నాన్నగారి మాట. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి ‘రీసెర్చ్ అంటే గొప్ప నాన్నా’ అని చెబితే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. లెక్క చెప్పాలి. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లదానికి 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వచ్చినవాళ్లే రీసెర్చ్ ఆనర్స్‌కి అర్హులు. నీకింకా ఒక సెమిస్టరు ఉంది, 78 అని ధీమాగా కూర్చోకు. ఆ ఏడాదిలో ప్రాజెక్టు 12 క్రెడిట్లు. రీసెర్చ్ లేని మామూలు ఆనర్స్ తీసుకుంటే ఆ పన్నెండింటి బదులు మూడు పేపర్లు చదివి పరీక్ష రాస్తారు.

దీనివల్ల ఒరిగేది ఏమిటంటే, నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చని 2022 నిబంధనలు చెబుతున్నాయి. నాలుగేళ్లు చదివినవాళ్లకు పీజీ ఒక్క ఏడాదే ఉండొచ్చని కూడా యూజీసీ 2024లో అంది. కానీ ‘ఉండొచ్చు’ వేరు, ‘ఉంది’ వేరు. నువ్వు పీజీకి వెళ్లాలనుకునే యూనివర్సిటీ ఆ ఒక్క ఏడాది పీజీ కోర్సు పెట్టిందా లేదా కనుక్కో. పెట్టి ఉంటే నాలుగూ ఒకటీ ఐదు, మూడూ రెండూ ఐదు, నాన్నగారికి నష్టమేమీ లేదు. పెట్టకపోతే నాలుగూ రెండూ ఆరు. అప్పుడు ఆయన లెక్కే కరెక్టు, నువ్వు ఇంకో కారణం చూపించాలి.

ఇక కౌన్సెలర్ అన్నావు. ఇక్కడ చాలామంది పిల్లలు పొరపాటు పడతారు. ఆస్పత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచెయ్యాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్, అదే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి వాళ్ల రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి. రీసెర్చ్ ఆనర్స్ దానికి బదులు కాదు. ఈ ఏడాది చేసినంత మాత్రాన ఎదురుగా కూర్చున్న మనిషితో ఎలా మాట్లాడాలో రాదు. కాబట్టి నీ మనసంతా కౌన్సెలింగ్ మీదే ఉంటే, పీజీ ఎక్కడ బాగా చెబుతారో వెతుక్కోవడం మేలు. అయితే నా దగ్గర ప్రాజెక్టు చేసి కౌన్సెలింగ్‌కి వెళ్లినవాళ్లు ఒకమాట చెబుతుంటారు. ఎవరైనా ‘ఈ పద్ధతితో డిప్రెషన్ పోతుందని రుజువైంది’ అంటే, ఎంతమంది మీద, దేనితో పోల్చి, ఎలా కొలిచి అని వెంటనే అడగాలనిపిస్తుందట. ఆ అనుమానం పుస్తకం చదివితే రాదు. ఒకసారి సొంతంగా కొలిచి, కొలవడం ఎంత కష్టమో చూసినవాళ్లకే వస్తుంది.

చేరాలా వద్దా అన్నది నన్నడిగితే రెండు సంగతులు చూస్తాను: గైడు ఎవరు, ప్రశ్న ఏమిటి. సర్టిఫికెట్టు సంగతి ఆ తర్వాత.

గైడు గురించి. రీసెర్చ్ ఆనర్స్ నడిపే డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ గైడ్‌షిప్ ఉన్న పర్మినెంట్ అధ్యాపకులు కనీసం ఇద్దరు ఉండాలని, లైబ్రరీ, జర్నళ్లు, కంప్యూటర్ ల్యాబ్ ఉండాలని యూజీసీయే రాసింది. మీ కాలేజీలో ఉన్నారా? మొహమాటపడకుండా అడుగు. మన విజయవాడ, గుంటూరు కాలేజీల్లో సైకాలజీ డిపార్ట్‌మెంట్లు చిన్నవి. కొన్నిచోట్ల ఒక్కరే అన్నీ చెబుతారు. ఒకచోట ప్రాజెక్టుల వైవాకి వెళితే పద్నాలుగు మందికి ఒకే గైడు. పద్నాలుగు ప్రాజెక్టుల పేర్లూ ‘ఫలానా వారిలో ఒత్తిడి, ఆత్మగౌరవం మధ్య సంబంధం’ అనే. ఫలానా అన్నచోట ఒకరు టీచర్లని పెట్టారు, ఒకరు నర్సులని, ఒకరు బ్యాంకు ఉద్యోగులని. ఆ పిల్లలది తప్పని నేననను. వాళ్లతో కూర్చుని మాట్లాడేవాళ్లు లేరు. మీ మేడమ్‌ని ఒక్కటే అడుగు: ‘వారానికి అరగంట నాకివ్వగలరా మేడమ్?’ అని. ఇవ్వగలను అంటే చేరడానికి సగం కారణం దొరికినట్టే.

ఇప్పుడు ప్రశ్న. ఇంటర్ పిల్లల ఒత్తిడి అన్నావు. మన ఊళ్లలో ఉన్నవాళ్లకి ఆ ఆలోచన రాకపోతేనే ఆశ్చర్యం. కార్పొరేట్ కాలేజీల హాస్టళ్ల పక్కనే పెరిగాం. కానీ ఇది డిగ్రీ పిల్లల చేతిలో నడవదమ్మా. ఇంటర్ పిల్లలకి పదహారు, పదిహేడేళ్లు. పద్దెనిమిది నిండనివాళ్ల మీద పరిశోధన చెయ్యాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, ఆపైన పిల్లవాడూ ఒప్పుకోవాలి. వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు అదే చెబుతున్నాయి. హాస్టల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కడో పల్నాడులోనో ప్రకాశంలోనో ఉంటారు, ఆ సంతకాలు ఎలా తెస్తావు? ఇక కాలేజీ పర్మిషన్. ‘మా దగ్గర పిల్లలకి ఎంత ఒత్తిడి ఉందో కొలుచుకోండి’ అని ఏ ప్రిన్సిపాలూ గేటు తియ్యడు. నా విద్యార్థి ఒకమ్మాయి ఒక కాలేజీ చుట్టూ రెండు నెలలు తిరిగింది. రేపు రమ్మన్నారు, సంక్రాంతి అయ్యాక రమ్మన్నారు, ప్రాక్టికల్స్ అయ్యాక రమ్మన్నారు. చివరికి సెమిస్టరే అయిపోయింది.

ఆ విషయమే కావాలంటే దారి ఉంది. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉన్నవాళ్లలో చాలామందికి పద్దెనిమిది నిండి ఉంటుంది, వాళ్ల సంతకం వాళ్లే పెడతారు. కోచింగ్ సెంటర్ గేటు దాకా వెళ్లకుండా బయట పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో ఉండేవాళ్లని కలవచ్చు. లేదా మీ కాలేజీలోనే, పద్దెనిమిది నిండిన ఫస్టియర్ పిల్లల్లో ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉన్నవాళ్లనీ ఇంటి నుంచి వెళ్లినవాళ్లనీ పోల్చి, ఇప్పుడు వాళ్లెలా నిద్రపోతున్నారో చూడొచ్చు. ‘అప్పుడు నీకెంత ఒత్తిడి ఉండేది’ అని మాత్రం అడగకు. ఇవాళ్టి మూడ్‌ని బట్టి నిన్నటి జ్ఞాపకం మారిపోతుంది.

డిప్రెషన్ జోలికి అసలు పోవద్దు. డిప్రెషన్‌ని కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ ఉంది, తొమ్మిది ప్రశ్నలే కదా అని అందరూ దాని మీద పడతారు. ఆ తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. ఒక పిల్లవాడు దానికి ‘దాదాపు ప్రతిరోజూ’ అని టిక్కు పెట్టాడనుకో, పేరు లేని గూగుల్ ఫారంలో. ఏం చేస్తావు? అతనెవరో కూడా నీకు తెలియదు. ఒకసారి నా దగ్గర ఇలాగే జరిగింది, మూడు రాత్రులు నాకు నిద్ర లేదు. అప్పటి నుంచి ఏ మానసిక సమస్య మీద ప్రశ్నావళి ఇచ్చినా చివర్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉండాల్సిందే. ఎవరైనా అలాంటి జవాబిస్తే అదే రోజు ఎవరు చూడాలి, ఎవరితో మాట్లాడించాలి అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. అది రాయలేని డిపార్ట్‌మెంట్ ఆ స్కేలు, అంటే ఆ కొలిచే ప్రశ్నావళి, ముట్టుకోకూడదని నా అభిప్రాయం.

ప్రశ్నను చిన్నది చెయ్యడం ఎలాగో ఒక ఉదాహరణ చెబుతాను. ఆ ఏడాదంతా నువ్వు నేర్చుకునేది ఇదే.

ఒక అబ్బాయి వచ్చాడు. ‘సెల్‌ఫోన్ వల్ల జనంలో ఓపిక నశిస్తోంది మేడమ్, దాని మీద చేస్తా’ అన్నాడు. ఓపికని ఎలా కొలుస్తావురా అన్నాను. రెండు వారాల తర్వాత వచ్చి, విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో కూర్చుంటానన్నాడు. ఫోన్ చూస్తూ బస్సు కోసం ఎదురుచూసేవాళ్లని కొందరినీ ఊరికే కూర్చున్నవాళ్లని కొందరినీ ‘వచ్చి ఎంతసేపైంది’ అని అడుగుతానన్నాడు. వాళ్లు వచ్చిన టైము తను రాసుకుంటాడు కాబట్టి తేడా తెలుస్తుంది. నాకు ముచ్చటేసింది. ‘ఓపిక’ అనే పెద్ద మాట పోయి ‘ఎన్ని నిమిషాలు’ అనే అంకె వచ్చింది. స్కేలు అక్కర్లేదు, అనువాదం అక్కర్లేదు, పెద్దవాళ్లే, ఎవరికీ హాని లేదు.

కానీ దాంట్లో ఒక బొక్క ఉంది, నువ్వు కనిపెట్టావా? ఫోన్‌లో గడియారం ఉంటుంది! ఫోన్ చూస్తున్నవాడికి టైము తెలుస్తూనే ఉంటుంది. పైగా ఫోన్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ వయసులో, చదువులో వేరు. తేడా వచ్చినా అది ఫోన్ వల్లో వయసు వల్లో చెప్పలేం. మళ్లీ వెనక్కి పంపాను. చివరికి తేలింది ఇది: కాలేజీ గదిలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టడం. వాచీ, ఫోన్ బయట పెట్టించడం. చీటీ తీసి సగం మందికి తేలిక పని, సగం మందికి తల వేడెక్కే పని ఇవ్వడం. అందరికీ ఒకే సమయం ఇచ్చి, అయ్యాక ‘ఎంతసేపైందనిపిస్తోంది’ అని అడగడం.

ఇక్కడ ఇంకో చిక్కు. టైము అడుగుతామని ముందే చెబితే ఒక జవాబు వస్తుంది, చెప్పకపోతే ఇంకోటి. ముందే తెలిస్తే మనిషి లోపల్లోపల సమయం లెక్కపెడుతూ ఉంటాడు, పని కష్టమైతే ఆ లెక్క తప్పి తక్కువ చెబుతాడు. తెలియకపోతే జ్ఞాపకాల్ని బట్టి చెబుతాడు, అప్పుడు పని కష్టమైనకొద్దీ ఎక్కువసేపు అయినట్టు అనిపిస్తుంది. రెండో పద్ధతిలో ఒక మనిషిని ఒక్కసారే అడగగలం. ఒకసారి అడిగాక అతనికి గుట్టు తెలిసిపోతుంది, హాస్టల్‌కి వెళ్లి రూమ్మేట్‌కీ చెప్పేస్తాడు. అందుకే అతను ఒక హాస్టల్‌ని ఒకే రోజులో పూర్తిచేసేవాడు.

ఎంతమంది కావాలి అన్నది కూడా ‘వందమంది చాలులే’ అని గాలిలో చెప్పేది కాదు. జీపవర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రెండు గుంపుల మధ్య తేడా మధ్యస్థంగా ఉంటుందని, అంటే 0.5 అని అనుకుని, 80 శాతం పవర్, అంటే తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం, కావాలంటే గుంపుకి 64 మంది, మొత్తం 128. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. నువ్వే లెక్కెయ్యి, ఎన్ని రోజులో.

ఇక తెలుగు. ఈ ఏడాదిలో నీకు అన్నిటికంటే ఎక్కువ చిరాకు పుట్టించేదీ, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. మనం వాడే స్కేళ్లు దాదాపు అన్నీ ఇంగ్లీషులో పుట్టినవి. డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషులోనే ఇచ్చేద్దాం అంటారు. ఇస్తే పిల్లలు అర్థంకాని చోట మధ్యలో టిక్కు పెట్టి పోతారు. తెలుగు చెయ్యాలంటే ఒకరు తెలుగులోకి మార్చి, అసలు స్కేలు చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చి, రెండూ పోల్చాలి. పద్ధతి పాతదే. అది చేశాక కూడా పదిమంది చేత పైకి చదివించి, ‘దీనికి నీకేం అర్థమైంది’ అని అడగాలి. ఈ చివరి పని ఎవరూ చెయ్యరు.

ఒకసారి మా పిల్లలు గుంటూరు మిర్చి యార్డులో హమాలీల దగ్గరికి వెళ్లారు. ‘గత నెలలో మీకు ఎంత తరచుగా ఒత్తిడిగా అనిపించింది’ అని చదివితే, ఒకాయన ‘టిక్కీ (మిర్చి బస్తా) భుజాన ఉన్నంతసేపూ ఒత్తిడేనమ్మా’ అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఒత్తిడి అనేది మనం పుస్తకంలో పెట్టుకున్న మాట. ‘టెన్షన్‌గా ఉంటుందా’ అన్నాక ఇంట్లో అప్పు సంగతి, కూతురి పెళ్లి సంగతి మొత్తం చెప్పాడు. కానీ మన దగ్గర టెన్షన్ అంటే భయం, కంగారు, కోపం, దిగులు అన్నీ. ఇంగ్లీషు స్కేలు దేన్ని కొలవాలనుకుందో దాన్నే ఈ మాట కొలుస్తోందా? దీని మీదే ఒక ప్రాజెక్టు చెయ్యొచ్చు. బెంగ, దిగులు, కంగారు, టెన్షన్ అనే నాలుగు మాటల్నీ జనం ఎక్కడెక్కడ వాడతారో తేల్చినా నేను మంచి మార్కులేస్తాను.

రివర్స్ ప్రశ్నలు ఇంకో గండం. రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ స్కేలు 1965 నాటిది, పది వాక్యాలు, అందులో సగం తిరగేసినవి, అంటే ఒప్పుకుంటే ఆత్మగౌరవం తక్కువని అర్థం. ‘గర్వపడడానికి నాలో పెద్దగా ఏమీ లేదు’ అనే అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. చదివి వినిపిస్తే మన మనిషి ‘లేదండీ’ అంటాడు. లేదంటే? వాక్యం నిజం కాదనా, నిజమే గర్వపడడానికేం లేదనా? తెలుగులో రెండూ కుదురుతాయి. మళ్లీ అడగకుండా టిక్కు పెడితే పోయింది. ఇదికాక, కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు ఆ తిరగేసిన వాటి స్కోరు తిప్పడం మర్చిపోయేవాళ్లు ఏటా ఒకరుంటారు. ఆల్ఫా, అంటే స్కేలులోని ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని చూపే అంకె, 0.7 దాటాల్సింది మరీ తక్కువగానో మైనస్‌లోనో వస్తే, స్కేలుని తిట్టడానికి ముందు అది చూసుకో.

క్యాలెండర్ గురించి రెండు ముక్కలు. ప్రాజెక్టు ఎనిమిదో సెమిస్టర్లో అని ఉంటుంది, అప్పుడే మొదలుపెడితే మునిగినట్టే. సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ అవుతాయి, తిరిగొచ్చేసరికి ఎవరి పరీక్షల హడావుడి వాళ్లది. ఎథిక్స్ కమిటీ కాగితాలు, పర్మిషన్ లెటర్లు, స్కేలు అనుమతులు ఏడో సెమిస్టర్లోనే, దసరాకల్లా చేతిలో ఉండాలి. ఫారం వాట్సాప్ గ్రూపుల్లో పడేసి ఊరుకోకు. రెండు నిమిషాల్లో నింపేసినవాళ్లని తీసేస్తానని ముందే రాసిపెట్టుకో, తర్వాత రాస్తే నీకు కావాల్సినవాళ్లని ఉంచుకున్నట్టవుతుంది.

మార్చి నెలలో ఏటా ఎవరో ఒకరు కళ్లనీళ్లతో వస్తారు: ‘మేడమ్, సిగ్నిఫికెంట్ రాలేదు.’ అంటే, వచ్చిన తేడా కాకతాళీయం కాదని చెప్పేంత గట్టిగా లెక్క తేలలేదని. రాకపోతే రాలేదని రాయి. ఆ భయంతోనే పిల్లలు ఆడవాళ్లని విడిగా, మగవాళ్లని విడిగా, హాస్టల్ వాళ్లని విడిగా చూసి ఎక్కడో ఒకచోట పీ-విలువ, అంటే సిగ్నిఫికెంటో కాదో తేల్చే అంకె, 0.05 లోపు వచ్చేదాకా తవ్వుతారు. పెద్దవాళ్లూ అదే చేశారు. 2015లో 100 సైకాలజీ అధ్యయనాలని మళ్లీ చేసి చూశారు. మొదట్లో వాటిలో 97 శాతం సిగ్నిఫికెంట్. మళ్లీ చేస్తే 36 శాతమే. నీ ఊహ ఏమిటో, ఏ పరీక్ష చేస్తావో డేటా తీసుకోకముందే ఓఎస్‌ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) సైట్లో తేదీతో నమోదు చెయ్యి, డబ్బులేమీ అడగరు. అప్పుడు రిజల్టు రాలేదని ఏ ఎగ్జామినర్ మొహం చిట్లించినా, ఆ కాగితం ముందు పెట్టు. నేనైతే వైవాలో రిజల్టు గురించి తక్కువే అడుగుతాను. ఎంతమంది ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకోలేదు అని అడుగుతాను. జవాబు చెప్పలేని పిల్ల ఫీల్డుకి వెళ్లలేదని తెలిసిపోతుంది.

ఎస్‌పీఎస్‌ఎస్ కొనొద్దు. జాస్ప్, జమోవి రెండూ ఉచితం. డిగ్రీ ప్రాజెక్టుకి కావాల్సిన టీ-టెస్ట్, కోరిలేషన్, అనోవా అన్నీ ఉన్నాయి, మౌస్‌తోనే నడుస్తాయి. మీ కాలేజీ ల్యాబ్‌లో ఎస్‌పీఎస్‌ఎస్ ఉంటే అదీ వాడుకో, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే కాపీ మాత్రం ఎక్కించుకోకు. మా వాడొకడు అలా ఎక్కించి, సబ్మిషన్‌కి నాలుగు రోజుల ముందు వైరస్ పట్టి డేటా మొత్తం పోగొట్టుకున్నాడు. కాగితం ఫారాలు అటకమీద ఉన్నాయి కాబట్టి బతికాడు, 212 ఫారాలు రాత్రంతా వాళ్లమ్మ చదువుతుంటే మళ్లీ ఎక్కించాడు.